రేవు వీధి గాలి ఫోను

జ్యేష్ఠ బహుళ పంచమి

గాలి యాప్ ఎవరి ఫోనులో ఉంటే వాళ్ళు రోజూ రెండు ముక్కలు రాసిపెట్టాలని మా రేవు వీధి కట్టుబాటు. ఇన్నాళ్ళూ నేను రాసిందల్లా "మోగలేదు" అని, లేకపోతే "మోగింది, అందరం బిగిగదిలోకి వెళ్ళాం, అందరం బయటికి వచ్చాం" అని. ఇవాళ ఇంకాస్త ఎక్కువ రాయాలి. ఫోను గంజిలో పడింది.

నా చేతి నుంచే పడింది, ఇంకొకరి మీదికి తోయడానికి లేదు. కొంగున ముడేసుకున్న ఫోనును తీసి పక్కన పెట్టకుండా గంజి వార్చబోయాను. ముడి జారింది, ఫోను బుడుంగుమంది. తీసేసరికి స్క్రీను నల్లబడిపోయింది. తుడిచాను, ఊదాను, ఎండలో పెట్టాను, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

టవర్లు కూలినప్పటి నుంచీ ఫోనుకి మూడే యాప్‌లు. మార్చుకోవాలంటే ఏడాదికి ఒక్కసారే, శ్రావణంలో వచ్చే ఎంపిక రోజున. ఎవరి మూడు వాళ్ళే పెట్టుకుంటే ఎవరికీ బతుకు సాగదని మా వీధిలో పంచుకున్నాం. ఇంటికి ఒక యాప్ సొంతానికి, రెండు వీధికి. నీళ్ళు ఎప్పుడు వదులుతారో గవరయ్య ఫోను చెబుతుంది. మందులూ డాక్టరూ సూరీడమ్మ ఫోనులో ఉంటాయి. గాలి కబురు నాది. సొంతానికి నేను జాకెట్ల కుట్టు నమూనాల యాప్ పెట్టుకున్నాను, నాకు కూడు పెట్టేది అదే. సూరీడమ్మ పెట్టుకున్నది అడుగులు లెక్కపెట్టే యాప్. ఈ చివర నుంచి ఆ చివరకి పట్టుమని పది ఇళ్ళు లేని వీధిలో రోజంతా తిరిగి, సాయంత్రం లెక్క చదివి వినిపిస్తుంది. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

గాలి మాత్రం అలాంటి సరదా యాప్ కాదు. పాటు లాగి సముద్రం వెనక్కి పోయినప్పుడు ఉప్పుటేరు బురద బయటపడుతుంది. ఎండకి ఆ బురదలోంచి పుల్లగాలి లేస్తుంది. పులిసిన పిండి వాసన వస్తుంది. అందుకే మా వీధిలో ఎవరూ పిండి పులియబెట్టరు. ఆ వాసన ముక్కుకి తగిలిందంటే అప్పటికే ఆలస్యం అయినట్టు. నా చెల్లెలు బంగారమ్మ మొన్నటేడు ఆ గాలి కాస్త పీల్చింది. అప్పటి నుంచి మంచం దిగలేదు, మాట్లాడితే రెండు ముక్కలకే ఆయాసం. దాన్ని ఎత్తి, బయటి గాలి చొరకుండా వీధికంతా కట్టుకున్న బిగిగదికి చేర్చాలంటే ఇద్దరు మనుషులు కావాలి, నెమ్మదిగా మోయాలి, అంటే ఫోను బాగా ముందుగా మోగాలి. మిగతావాళ్ళకి ఫోను లేకపోతే కాళ్ళున్నాయి. దానికి ఫోనే కాళ్ళు. దాని దగ్గర ఈ మాట అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

బహుళ షష్ఠి

పొద్దున్నే వీధంతా మా గుమ్మం ముందు చేరింది. సర్వీసు సెంటర్‌కి పంపుదామని సూరీడమ్మ పట్టుబట్టింది. ఆవిడ ఒకప్పుడు ఆస్పత్రిలో నర్సు, రూలు తప్పడం ఆవిడకి ఒంటికి పడదు. సీలున్న ఫోనును బయటివాళ్ళ చేత విప్పిస్తే పోయిందానికి పూచీ ఉండదట. నిజమే. కానీ సెంటర్ వాళ్ళు ఫోను తీసుకుంటే ఆషాఢం దాటాకే తిరిగి ఇస్తారు, మధ్యలో వేరే ఫోను ఇవ్వరు. ఈలోగా అమావాస్య ఉంది. అమావాస్య పాటుకి ఏరు అడుగు దాకా ఎండుతుంది. పై వీధి వాళ్ళ ఫోను వాళ్ళ గాలికే మోగుతుంది, గాలి అక్కడి దాకా ఎక్కేసరికి మా పని అయిపోతుంది. చివరికి గవరయ్యే తేల్చాడు, పాత బస్టాండులో జగ్గారావు దగ్గరికి పట్టుకెళ్ళమని.

జగ్గారావులో నాకు నచ్చే గుణం ఒకటుంది. మన కళ్ళ ముందే విప్పుతాడు, మన కళ్ళ ముందే బిగిస్తాడు. ఫోను లోపలికి తీసుకెళ్ళి తెర వేసేవాడి దగ్గర ఎప్పుడూ బాగు చేయించుకోకూడదు. నేను వెళ్ళేసరికి అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు, గుబురు మీసం, భుజాన తువ్వాలు. ఆయనదీ నాలాంటి ఫోనే, అదే రంగు. ఛార్జింగ్ ఎక్కడం లేదట. ముందు ఎవరిది చూడాలని మా ఇద్దరికీ మాటామాటా పెరిగింది. నేను గాలి ఫోను కదా అన్నాను. ఆయనదీ గాలి ఫోనేనట, ఏరు అవతల ఉప్పు కొఠార్లలో. పేరు నూకరాజు. మా గోల భరించలేక జగ్గారావు రెండు ఫోన్లూ ఒకేసారి విప్పి, ఒకే గుడ్డ మీద పరిచాడు.

బ్రష్షుతో తుడుస్తూ గోరంత బిళ్ళ ఒకటి చూపించాడు. "ఇదమ్మా దీని చెవి. మీ ఈధి గాలి కబురు దీనికే ఇనపడతాది" అన్నాడు. అదృష్టం, గంజి దానిదాకా పోలేదు.

తర్వాత నేనూ నూకరాజూ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగాం. కయ్యం తీరాక మనిషి మంచివాడే అనిపించాడు. తన ఫోను మోగితేగాని తన వీధిలో కుక్క కూడా కదలదని, ఇన్నేళ్ళలో ఒక్క ప్రాణం పోలేదని చెప్పాడు. ఇంట్లో ముసల్ది ఎదురుచూస్తుంటుందని తొందరపడ్డాడు. సాయంత్రానికి ఎవరి ఫోను వాళ్ళం తీసుకుని వచ్చేశాం. నాది తళతళలాడుతోంది. గాలి యాప్ తెరిస్తే ఆకుపచ్చ చుక్క కనిపించింది. బంగారమ్మకి చూపించాను, నవ్వింది.

బహుళ అష్టమి

మోగింది.

అన్నాలు తింటుంటే మోగింది. ఎంగిలి చేత్తోనే వీధిలోకి పరిగెత్తి ఫోను తలపైకి ఎత్తి పట్టుకున్నాను. మా పద్ధతి అదే. ఎవరో గాలి వాసనన్నారని ఒకసారి ఊరికే గదిలో దూరి, పీల్చుకోవడానికి దాచిన సిలిండర్లో మంచిగాలి ఖాళీ చేసుకుని, అసలు గాలి వచ్చిన రోజున లోపల ఊపిరాడక పోయినవాళ్ళున్నారు. అందుకని ఫోను మోగడం నలుగురూ చూడాలి, వినాలి, అప్పుడే గది తలుపు తీస్తారు. అన్ని వీధుల్లోనూ ఇదే కట్టుబాటు. అందరూ చూశారు. గవరయ్యా వాళ్ళావిడా బంగారాన్ని ఎత్తారు. లోపలికి వెళ్ళి గడియ వేశాక నేను బొటనవేలు ఆనిస్తేగాని ఫోను నోరు మూయలేదు. యజమాని వేలు తప్ప ఇంకేదీ దాన్ని ఆపలేదు.

సిలిండర్ అయిపోయేదాకా కూర్చున్నాం. తలుపు తీస్తే అరుగుల మీద కాకులు. మేం వదిలేసిన కంచాల్లో మెతుకులు ఏరుకుంటున్నాయి. వాసన లేదు, ఏమీ లేదు.

అందరూ నవ్వారు. నా ఫోనుకి గంజి ఎక్కువై తేన్పులు వస్తున్నాయని గవరయ్య అన్నాడు. నేనూ నవ్వాను. సూరీడమ్మ మాత్రం నవ్వకుండా, అష్టమి నాడు మన వీధికి గాలి ఎప్పుడైనా వచ్చిందా అని అడిగింది. అష్టమికి పాటు బలంగా లాగదు, మా దగ్గర బురద తేలదు. ఎప్పుడూ రాలేదు.

గదికి ఉన్నవి రెండే సిలిండర్లు. ఒకటి ఇవాళ ఊరికే పోయింది. కొత్తవి అమావాస్య దాటాకగాని రావు.

బహుళ నవమి

గవరయ్య నీళ్ళ ట్యాంకు దగ్గర విన్న కబురు తెచ్చాడు. నిన్న మధ్యాహ్నం ఉప్పు కొఠార్లకి గాలి తగిలిందట. అక్కడ ఏరు లోతు తక్కువ, చిన్న పాటుకే బురద తేలుతుంది. వాళ్ళ ఫోను మోగలేదట. వాసన తగిలాక పరుగెత్తారట. ఒక ముసలమ్మ పరుగెత్తలేకపోయింది.

నేను కుట్టుమిషను ముందు కూర్చున్నదాన్ని అలాగే కూర్చుండిపోయాను. గుడ్డ మీద పరిచిన రెండు ఫోన్లూ కళ్ళ ముందు మెదిలాయి. ఒకటే కంపెనీ, ఒకటే రంగు, ఒకేలాంటి గోరంత బిళ్ళలు రెండు. కళ్ళ ముందే విప్పాడు, కళ్ళ ముందే బిగించాడు. నేను టీ తాగుతూ ఆయన మీసం వంక చూశాను.

నా ఫోనులో వాళ్ళ చెవి ఉంది. వాళ్ళ ఫోనులో మాది ఉంది. నిన్న మోగింది వాళ్ళ గాలి. మా గాలి వస్తే మోగేది ఏరు అవతల, నూకరాజు చేతిలో.

పరిగెత్తుకుంటూ పాత బస్టాండుకి వెళ్ళాను. జగ్గారావు కొట్టు మూసి ఉంది. పాత ఫోన్లు కొనుక్కురావడానికి ఎగువకి వెళ్ళాడని, అమావాస్య వెళ్ళాకగాని రాడని వాళ్ళావిడ చెప్పింది. నూకరాజు నంబరు ఉందా అంటే లేదంది. నేనూ అడగలేదు. కొఠార్ల వాళ్ళెవరి నంబరైనా దొరుకుతుందేమోనని మార్కెట్టంతా తిరిగాను, దొరకలేదు. పక్క కొట్టు కుర్రాడికి ఫోను చూపిస్తే అద్దం పెట్టి చూసి చేతులెత్తేశాడు. గంజి తాగిన ఫోను మళ్ళీ విప్పితే బతకదన్నాడు.

బహుళ ఏకాదశి

వీధికి చెప్పేశాను. దాచితే దాగేదా.

మొదట ఎవరూ నమ్మలేదు. మోగిన ఫోను పాడైంది ఎలా అవుతుందని గవరయ్య వాదన. మోగకపోతే కదా అనుమానపడాలి అన్నాడు. సూరీడమ్మ సగం నమ్మింది. సెంటర్‌కి పంపి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని రెండుసార్లు అంది, మూడోసారి అనబోతే నేను చూసిన చూపుకి ఆపేసింది. శ్రావణంలో గాలి యాప్ రెండు ఇళ్ళలో పెట్టాలని అందరూ ఒప్పుకున్నారు. మరి ఎవరు ఏది వదులుకుంటారంటే నీళ్ళు వదలనని గవరయ్య, మందులు వదలనని సూరీడమ్మ. అడుగుల లెక్క వదలమన్నాను. ఆవిడ ముఖం ముడుచుకుంది. శ్రావణం దాకా ఉంటే కదా ఈ దెబ్బలాట.

అమావాస్య నాడు పొద్దున్నుంచీ గదిలో కూర్చుందామంటే ఉన్న ఒక్క సిలిండర్ ఒక్క పూటకే వస్తుంది. ఎప్పుడు కూర్చోవాలో చెప్పేది ఫోనే. బంగారాన్ని పై వీధికి చేర్చుదామంటే వాళ్ళ గదిలో వాళ్ళకే చోటు లేదు, పైగా పోయినసారి మెట్ల మధ్యలోనే దాని పెదాలు నల్లబడ్డాయి. ఒకటే దారి. నేను ఏరు దాటి నూకరాజుని పట్టుకుని ఆయన ఫోను తెచ్చుకోవాలి, నాది ఆయనకి ఇవ్వాలి. మోగడానికి ఎవరి చేతిలో ఉంటేనేం. కానీ అష్టమి నుంచీ పడవ సరంగు ఏట్లో దిగనంటున్నాడు.

బహుళ త్రయోదశి

మోగలేదు.

ఈ మాట ఇన్నేళ్ళు ఎంత హాయిగా రాశాను! మోగలేదంటే గాలి లేదనా, ఉన్నా మాకు వినబడలేదనా? ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాను. ఆకుపచ్చ చుక్క నన్ను చూస్తుంటుంది. అది వాళ్ళ ఆకుపచ్చ, మాది కాదు.

ఇవాళ మిషను కుడుతుంటే పులిసిన వాసన తగిలింది. బంగారాన్ని చంకలో చెయ్యేసి ఒక్కదాన్నే మంచం మీంచి లాగాను, అది కిందపడింది, నేను దాని మీద పడ్డాను. అరిచిన అరుపుకి గవరయ్య పరిగెత్తుకొచ్చాడు. ఏమీ లేదు. వాళ్ళింట్లో బియ్యం కడిగిన కుడితి రెండు రోజులు నిలవుండి పులిసింది. గవరయ్య పెళ్ళాం ఏడుస్తూ ఆ కుండ తీసుకెళ్ళి పారబోసి వచ్చింది. బంగారం మోచెయ్యి దోక్కుపోయింది. నొప్పిగా ఉందా అంటే లేదని తలూపింది. నన్ను ఓదారుస్తోంది, పడింది తనైతే.

నాకు భయంగా ఉంది. ఇంత వయసొచ్చి భయమని రాసుకోవడం సిగ్గే. అయినా భయంగానే ఉంది. సాయంత్రం సరంగు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. అమావాస్య పొద్దున పోటు మీద దాటిస్తానన్నాడు. పాటులో పడవ బురదలో కూరుకుపోతుంది కాబట్టి తిరిగి రావడం సాయంత్రం పోటుకే. అంటే గాలి లేచే పూట నేను అవతల ఉంటాను. ఫోను ఇక్కడ ఉండీ చేసేదేమీ లేదు కదా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

అమావాస్య

ఇది ఉప్పు కొఠార్ల బిగిగదిలో కూర్చుని రాస్తున్నాను. గడియ తీయడానికి ఇంకా చాలా పొద్దుంది.

పొద్దున బయలుదేరేటప్పుడు బంగారం నా కొంగు పట్టుకుంది. ఆపుతుందనుకున్నాను. "ఎల్లు, అప్పా" అంది, వదిలేసింది. అక్కనని నన్ను అప్పా అనే పిలుస్తుంది. దాని దగ్గర సూరీడమ్మ కూర్చుంది. గవరయ్య గుమ్మంలో కూర్చున్నాడు, ఇవాళ నీళ్ళు వదిలినా కదలనన్నాడు.

కొఠార్లలో నూకరాజు ఇల్లు అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు, ఊరికే చెయ్యి చూపించారు. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. మీసం తీసేశాడు. తువ్వాలు మీద ఫోను పెట్టుకుని దానివంకే చూస్తున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. లోపల్నుంచి ఆయన కోడలు వచ్చి నన్ను కూర్చోబెట్టింది. పైడమ్మ ఆమె పేరు. అష్టమి నాడు పోయిన ముసలమ్మ ఈయన భార్యేనని ఆమే నాకు చెప్పింది. వీధిలో ఎవరూ ఈయనతో మాట్లాడటం లేదట. ఫోను మోగక ఒకరు పోవడం ఇదే మొదటిసారి, అదీ ఫోను పట్టుకున్నవాడి ఇంట్లోనే.

ఉన్నదంతా చెప్పాను. జగ్గారావు గుడ్డ సంగతి, చెవుల సంగతి, అష్టమి నాడు నా ఫోను మోగిన సంగతి. పైడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన ఫోను చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, ఆ రోజు గాలి చిన్నదని, చిన్న గాలిని యాప్ లెక్కెయ్యదని, తన ఫోనుకి ఏ రోగమూ లేదని అన్నాడు. ఫోన్లు మార్చుకుందామన్నాను. ఇవ్వనన్నాడు. పోనీ నీది మోగితే నాకు చెప్పు, నాది మోగితే నీకు చెబుతాను అన్నాను. తల అడ్డంగా ఊపాడు. నాకు కోపం వచ్చింది. ఇంత మొండితనం ఎవరిని ఉద్ధరించడానికి అని అరిచాను. నా మాట నిజమైతే ఆయన భార్య పోయింది ఆయన చేతిలో ఫోను వల్లేనని అప్పుడు నాకు తట్టలేదు. ఆయనకి ఎప్పుడో తట్టి ఉంటుంది.

అరుస్తుండగానే నా చేతిలో ఫోను మోగింది.

ఎర్రచుక్క. నేను అలవాటుగా తలపైకి ఎత్తి పట్టుకుని వీధి మధ్యకి పరిగెత్తాను. గాలి వస్తోంది, గదిలోకి నడవండి అని గొంతు చించుకున్నాను. జనం గుమ్మాల్లోకి వచ్చారు, నిలబడిపోయారు. నన్ను చూడలేదు. నూకరాజు చేతివంక చూశారు. ఆ ఫోను మోగలేదు. ఎవరో పరాయిదాని ఫోను మోగితే వాళ్ళు ఎందుకు కదులుతారు? మా వీధైనా కదిలేది కాదు. పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు కూడా అలాగే నిలబడి ఆయన చెయ్యి చూస్తున్నారు. ఆ క్షణం నాకు పుల్లగాలి కంటే వాళ్ళను చూస్తేనే ఎక్కువ భయం వేసింది.

ముందు కదిలింది పైడమ్మ. ఎదురింటి పిల్లలిద్దరినీ జబ్బలు పట్టి లాక్కుని గది తలుపు తీసింది. "మావ ఫోను సెవిటిది. అత్త పోయింది సాలదేటి? రండి" అంది. గట్టిగా కూడా అనలేదు. దాంతో ఒకరి వెనక ఒకరు పరుగెత్తారు.

నేను నూకరాజు దగ్గరికి వెనక్కి వెళ్ళాను. లేవమని చెయ్యి పట్టి లాగాను. ఆయన నా ఫోను వంక, ఎర్రచుక్క వంక చూశాడు. నమ్మాడు. కళ్ళలో తెలిసిపోయింది.

"దానికి మోగనేదమ్మా" అన్నాడు. "నాకూ మోగక్కర్నేదు. నువ్వెల్లు."

బతిమాలాను, తిట్టాను. అరుగు స్తంభం పట్టుకుని కూర్చున్న మనిషిని నేనొక్కదాన్ని ఏం కదపగలను? పైడమ్మ తలుపు దగ్గర నుంచి మావా, మావా అని పిలుస్తూనే ఉంది. సన్నగా పులిసిన వాసన తగిలింది. నా కాళ్ళు నా మాట వినలేదు, గదివైపు పరుగెత్తాయి. నా వెనకే పైడమ్మ గడియ వేసింది.

లోపల చీకటి, పిల్లల ఏడుపు, సిలిండర్ బుస. నా ఫోనును బొటనవేలితో నోరు మూయించాను. కాసేపు ఏమీ లేదు.

అప్పుడు బయట ఇంకో ఫోను మోగింది. దూరంగా, అరుగు మీద.

గదిలో జనం గొల్లుమన్నారు. ఫోను మోగిందని, పెద్దాయన మాటే నిజమని, ఆలస్యమైనా మోగిందని ఏడ్చారు. అది వాళ్ళ గాలి కాదు. అది మా రేవు వీధి గాలి. ఏరు దాటి మావైపు బయలుదేరింది.

సూరీడమ్మకి ఫోను చేశాను. మాట్లాడటానికి యాప్ అక్కర్లేదు, అదొక్కటి మిగిల్చారు. వెంటనే తీసింది. మన గాలి వస్తోంది, బంగారాన్ని ఎత్తండి అన్నాను.

"నువ్వు ఇన్నావా? నీ చెవులతో ఇన్నావా? ఒక్క సిలిండరే ఉందే ఎర్నమ్మా" అని నన్ను పేరు పెట్టి అడిగింది. రూలు తప్పడం ఆవిడకి చేతకాదు. ఇప్పుడు ఊరికే గదిలో దూరితే అసలు గాలికి ఏమీ మిగలదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. ఫోను గోడకి ఆనించాను. మోత సన్నగా ఉంది, పిల్లల ఏడుపులో ఆవిడకి ఏం వినిపిస్తుంది? వినబడటం లేదంది.

ఆ మోత కదిలింది.

మొదట నా భ్రమ అనుకున్నాను. కాదు. అరుగు దిగింది. వీధిలోకి వచ్చింది. మధ్యలో ఆగింది, దగ్గు వినిపించింది, మళ్ళీ కదిలింది. దగ్గరవుతోంది. ఆ గాలిలో నడిచి వస్తున్నాడు ఆయన. తన కోసం కదలని మనిషి, ఎన్నడూ చూడని మా వీధి కోసం లేచాడు. మోత తిన్నగా గోడ అవతలికి వచ్చి, నా ఫోను ఆనించిన చోటికే, నా భుజం ఎత్తున వచ్చి ఆగింది. గోడంతా మోగింది. పిల్లలు ఏడుపు ఆపేశారు.

"ఇనపడింది" అంది సూరీడమ్మ. గవరయ్యని కేకేసింది. తర్వాత మంచం చప్పుడు, అడుగుల చప్పుడు.

ఇటు గదిలో అందరూ తలుపు తీయమన్నారు. మరుక్షణం వద్దన్నారు. గడియ పైడమ్మ చేతిలో ఉంది. పిల్లలు ఆమె మోకాళ్ళను కరుచుకుని ఉన్నారు. ఆమె గడియ మీద నుంచి చెయ్యి తీయలేదు, గడియ తీయలేదు కూడా. గోడ అవతల మోత నెమ్మదిగా కిందికి జారింది. నా భుజం దగ్గర్నుంచి నడుము దగ్గరికి, అక్కణ్ణుంచి నేల దగ్గరికి. నేల దగ్గరే ఆగిపోయి మోగుతూ ఉంది. ఆపే వేలు లేదు కదా. ఇది రాస్తున్నప్పుడు కూడా మోగుతూనే ఉంది.

ఎంతసేపటికో తెలియదు, నా చేతిలో ఫోనులోంచి గడియ పడిన చప్పుడు వినిపించింది. మా గది గడియ, దాని కిర్రు నాకు తెలుసు. తర్వాత ఎవరో ఫోను బంగారం నోటి దగ్గర పెట్టారు. దాని ఆయాసం వినిపించింది. నా జన్మలో అంత కమ్మని చప్పుడు వినలేదు.

"అప్పా" అంది. "గది నోపలున్నాను."

నేను కింద కూర్చుని ఏడ్చాను. గదిలో అందరూ ఏడుస్తున్నారు, వాళ్ళ మనిషి గోడ అవతల పడి ఉన్నాడని. వాళ్ళందరి మధ్యా నేనొక్కదాన్నే సంతోషం పట్టలేక ఏడుస్తున్నాను. పైడమ్మ గడియ దగ్గర నుంచి వచ్చి నా పక్కన కూర్చుంది. నేను కూడా ఆయన కోసమే ఏడుస్తున్నాననుకుని, తన కొంగుతో నా కళ్ళు తుడిచింది. ఊరుకో పిన్నీ, ఊరుకో అంది. నేను కాదని చెప్పలేదు.